గంటె ఎవరి చేతిల ఉంది?

పోయిన చలికాలంల మా తమ్మునికి కంపెనీల ప్రమోషన్ వచ్చింది. "అన్నా, అవ్వను తీసుకొని ఆదివారం హైదరాబాద్ రా. అందరం బఫేకు పోదాం" అని ఫోన్ చేసిండు. అవ్వ అంటే మమ్మల్ని కన్నతల్లి. పక్కనే కూసొని వింటున్నది. "బఫే అంటే ఏందిరా?" అన్నది. ఒక్కసారి పైసలు కడితే ఎంతైనా తినొచ్చు, ఏదైనా తినొచ్చు, వద్దనేటోళ్ళు ఉండరు అని చెప్పిన. అవ్వ కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అడిగింది.

"మరి వడ్డించేది ఎవరురా?"

"ఎవరూ వడ్డించరు. మనమే పెట్టుకోవాలె."

ఆమె నమ్మలేదు. "గంటె ఎవరి చేతిలనో ఒకరి చేతిల ఉండాలె గద" అన్నది.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి దిక్కున్న ఈ హోటళ్ళ గురించి మా స్టాఫ్ రూములో కూడా మాట్లాడుకుంటరు. మనిషికి అంత పెట్టి తినడం దండుగా, లాభమా? ఎన్ని రకాలు పెడుతున్నరు? రొయ్యలు ఉన్నయా? నిజంగ బాగుంటదా, ఊరికే గొప్పనా? ఇవి తప్పుడు ప్రశ్నలని నేను అనను. కష్టపడి సంపాదించిన పైసకు విలువ చూసుకోవాల్సిందే. కాని వీటన్నిటికంటె ముందు అడగాల్సిన ప్రశ్న మా అవ్వ అడిగింది. తిండి విలువ పళ్ళెంల ఎంత పడ్డది అన్న దాంట్ల ఉన్నదా? ఎవరు కొలిచి పెట్టిన్రు అన్న దాంట్ల ఉన్నదా? ఈ నాలుగు పేజీలు నేను ఆ ప్రశ్నతో పడ్డ తిప్పలు.

మాది మక్తల్ దిక్కు ఒక ఊరు. అప్పుడు పాలమూరు జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. నాకు ఎనిమిదేండ్లప్పుడు మా ఊరి పటేలు ఇంట్ల పెండ్లి అయింది. పొద్దుగాల నుంచి మా నాయిన డప్పు కొట్టిండు. అవ్వ కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, కట్టెలు మోసింది. పందిట్ల పంక్తులు లేస్తున్నయి, మళ్ళ కూసుంటున్నయి. మొదలు వాళ్ళ కులపోళ్ళు, తర్వాత వాళ్ళ కిందోళ్ళు, ఆ తర్వాత ఇంకా కిందోళ్ళు. దీపాలు పెట్టినంక మా వంతు వచ్చింది. మా వంతు పందిట్ల కాదు. గోడ అవతల, పశువుల కొట్టం పక్కన. గిన్నెలు మేమే తెచ్చుకోవాలె. మా నాయిన సత్తు గిన్నెను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డడు. వడ్డించేటాయన గంటె గిన్నెకు తగలకుండ జానెడు పైనుంచి ఒదిలిండు. నాయిన గిన్నెను ఇంకొంచెం ముందుకు చాపిండు. "ఏమిరా, అది కడుపా, చెరువా?" అన్నడాయన. అందరు నవ్విన్రు. మా నాయిన గూడ నవ్విండు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. అన్నం తక్కువ పడ్డదని కాదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మేం కడుపునిండ తిన్నం. కాని కడుపు నిండిందా లేదా అన్న లెక్క మా నాయిన చేతిల లేదు, గంటె పట్టినోని చేతిల ఉంది. "ఇంకొంచెం" అంటే నవ్వులపాలు. "సాలు" అనే పనే రాదు, మనం అనేలోపలే వాడు ముందుకు పోతడు. అంటరానితనం అంటే ముట్టుకోకపోవడం అని పుస్తకాలల్ల చదువుకున్న. మా ఇంట్ల నేను చూసింది ఇంకొకటి గూడ. నీ కడుపు ఎంతనో ఇంకొకడు చెప్తడు. ఆకలి నీది, కొలత వానిది.

తర్వాత హాస్టల్. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ లేకపోతే నేను ఈ రోజు ఈ అక్షరాలు రాయను, ఆ సంగతి మర్చిపోను. అక్కడ వంటాయన మా కులపాయననే. కులం మాదే గాని గంటె సర్కారుది. అన్నం ఇంత, పప్పు ఇంత. పెద్ద పిలగాండ్లు జల్ది జల్ది మింగి రెండోసారి వరుసల నిలబడేటోళ్ళు. మెల్లగ తినెటోనికి రెండో గంటె దొరకదు. నాకు గూడ మింగుడు అలవాటైంది. ఇప్పుడు నాకు ముప్పై ఏడేండ్లు, సర్కారు పంతులును, నా జీతం నేను తెచ్చుకుంటున్న. అయినా ఇంట్ల అందరికంటె ముందు నా పళ్ళెమే ఖాళీ అయితది. "మిమ్మల్ని ఎవరన్న తరుముతున్నరా?" అని నా భార్య అడుగుతది. తరుముతున్నదెవరో ఆమెకు ఎట్ల చెప్పాలె?

ఇక సైబరాబాద్. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మా ఊర్ల దాని పేరు ఎవరికీ తెల్వదు. కాని ఆ తర్వాత మూడేండ్లకు మా ఊరోళ్ళకు మాదాపూర్ పేరు మా పక్క ఊరి పేరంత తెలుసు. పాలమూరు లేబర్ అని దేశమంత పేరు పడ్డ మనుషులం గద. కరువు వస్తే మేస్త్రి వస్తడు. అవ్వ, నాయిన అడ్వాన్సు తీసుకొని కంకర మోసుడుకు పోయిన్రు. ఎండాకాలం సెలవులల్ల నేను, తమ్ముడు వాళ్ళ దగ్గరికి పోయెటోళ్ళం. రేకుల షెడ్డు, మూడు రాళ్ళ పొయ్యి, నూకల బువ్వ, పచ్చిపులుసు. రాత్రి లేస్తున్న బిల్డింగుల దీపాలు చూసుకుంట పండేటోళ్ళం. ఆ బిల్డింగులల్ల ఎవరు కూసుంటరో, ఏం తింటరో మాకు ఎరుక లేదు.

ఇరవై ఏండ్ల తర్వాత ఆ ఆదివారం మా తమ్ముడు అసొంటి బిల్డింగు నాలుగో అంతస్తుకే మమ్మల్ని తీసుకపోయిండు. కార్లకెల్లి దిగి అవ్వ పైకి చూసింది. "నేను మోసింది ఇదేనో, దీని పక్కదో. అద్దాలు పెట్టినంక అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి" అన్నది. పైన హోటల్ తలుపు దగ్గర ఆగి చెప్పులు ఇడిచింది. తమ్ముడు గాబరపడ్డడు. "అవ్వా, చెప్పులతోనే రావాలె, తొడుక్కో." పటేళ్ళ వాడకట్టుల చెప్పులు చేతిల పట్టుకొని నడిచిన కాళ్ళు అవి. వాటికి ఈ తలుపు ఏ తలుపో ఎట్ల తెలుస్తది?

ఈ తీరు భోజనం మన దగ్గర పుట్టింది కాదు. స్వీడన్ దేశంల బల్ల నిండ రకరకాలు పెట్టి, ఎవరికి కావల్సింది వాళ్ళు తీసుకునే పద్ధతి పాతది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనల దాన్ని అమెరికావోళ్ళు చూసిన్రు. 1940లల్ల లాస్ వేగాస్ జూదశాలలు దాన్ని అందుకున్నయి. తిండి చౌకగ పెడితే మనిషి లేచిపోడు, జూదం ఆడుతనే ఉంటడని వాళ్ళ లెక్క. మన దేశంల చాలా రోజులు అది పెద్ద పెద్ద స్టార్ హోటళ్ళ సంగతి. 2006లో ముంబైల బార్బెక్యూ నేషన్ మొదలైనంక, బల్ల మధ్యలనే నిప్పులు పెట్టి కాల్చిన ముక్కలు తెచ్చే పద్ధతి ఊరూరికి పాకింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలున్న చోట ఇది బాగ నడుస్తది. టీం లంచ్, బర్త్‌డే, ప్రమోషన్. పదిమంది వస్తరు, పదిమందికి పది రుచులు, బిల్లు మాత్రం ముందే తెలుసు.

మా బల్ల మీద చిన్న జెండా ఒకటి ఉంది. అది నిలబడి ఉన్నంతసేపు తెస్తనే ఉంటరు. పండబెడితే ఆపుతరు. తమ్ముడు ఇది అవ్వకు చెప్పిండు. అవ్వ దాన్ని వేలితో ముట్టి చూసింది.

మొదలు ఆలుగడ్డలు వచ్చినయి, మక్కజొన్న గింజలు వచ్చినయి, అనాసపండు ముక్కలు కాల్చి తెచ్చిన్రు. తర్వాత కోడి ముక్కలు. రొయ్యలు చివరికి, పుల్లకు రెండు మూడు. ఇందుల ఒక లెక్క ఉంది. తక్కువ ఖర్చు అయ్యేది ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు పెడతరు. కడుపు సగం నిండినంక ఖరీదైనది వస్తది. నలుగురల్ల ఒకడు ఎక్కువ తింటే ముగ్గురు తక్కువ తింటరు. హోటల్‌కు ఆ నలుగురి సగటే కావాలె. "ఎంతైనా తిను" అన్న మాట వెనక మనిషి కడుపు ఎంతనో వాళ్ళకు బాగ తెలుసు. మోసం అనను. ధర ముందే చెప్పిన్రు, మనం ఒప్పుకొనే పోయినం.

మా తమ్మునికి గూడ ఒక లెక్క ఉంది. మనిషికి తొమ్మిది వందలు దాటింది, పైన పన్ను. "అన్నా, అన్నం జోలికి పోకు. అన్నంతో కడుపు నింపితే వాళ్ళు గెలిచినట్టు" అన్నడు. అవ్వ ఉలిక్కిపడ్డది.

"అన్నం తినొద్దంటవేందిరా?"

మీరు నవ్వుతరేమో. మేం అప్పుడు నవ్వినం. కాని పాలమూరుల మా తాతలు జొన్నగట్క తిన్నోళ్ళు. తెల్లన్నం పండుగ రోజు ముచ్చట. 1983లో ఎన్టీ రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినంక మా వాడల రోజూ అన్నం ఉడికింది. అన్నం కోసమే బతికిన మనిషి ముంగట కూసోని ఆమె కొడుకు "అన్నం తింటే ఓడిపోతం" అంటున్నడు. ఒక్క తరంల ఎంత దూరం వచ్చినం! ఆ దూరం చూసి సంతోషపడాల్నో, భయపడాల్నో నాకు తెల్వలేదు.

తిండి ఎట్లుంది అంటే, కోడి ముక్కలు బాగున్నయి. చేప బాగుంది. బిర్యానీ అంతంతమాత్రం. యాభై రకాలుంటే యాభై రుచులు ఉండాలె గద, అన్నిట్ల ఒకటే మసాల తిరుగుతున్నట్టు అనిపించింది. గులాబ్ జామూన్, కుల్ఫీ పిల్లలు మళ్ళ మళ్ళ తెచ్చుకున్నరు. అవ్వ అన్ని గిన్నెలు మూతలు తీసి చూసొచ్చింది. "అన్నీ ఉన్నయి గాని మన కూర లేదురా" అన్నది. మన కూర అంటే పెద్దకూర. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియా యూనివర్సిటీ పిల్లలు ఆ కూర వండుకొని తింటే క్యాంపస్‌ల రాళ్ళు పడ్డయి. అందరి కోసం పరిచిన బల్ల మీద మా కూరకు జాగ లేదు. ఏదైనా తినొచ్చు అన్న మాటల ఏదైనా అంటే ఏది అన్నది ఇంకొకరు ముందే తేల్చి పెట్టిన్రు.

అవ్వ ఆ మాట కొంచెం గట్టిగనే అన్నది. తమ్ముడు అటు ఇటు చూసిండు. "మెల్లగ మాట్లాడవే అవ్వా. మా టీంవోళ్ళు ఆ మూల టేబుల్ మీద ఉన్నరు."

అవ్వ నోరు మూసుకున్నది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మా తమ్ముడు కంపెనీల కులం చెప్పలేదు. ఎవరన్న అడిగితే ఊరి పేరు చెప్పి మాట మారుస్తడు. వాన్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. నేను గూడ మొదటి పోస్టింగుల కిరాయి ఇల్లు దొరికేదాక నోరు విప్పలేదు.

ఇక్కడ ఆగి నా మిత్రుని మాట చెప్పాలె. సంఘంల తిరిగే మనిషి. ఈ సంగతి చెప్తే, "ఇదంత బజారు మాయ. సమానత్వాన్ని పైసలకు కొనుక్కొచ్చిన్రు మీరు" అన్నడు. ఆయన మాటల సగం నిజం ఉంది. కాని మిగిలిన సగం గూడ చెప్పుకోవాలె. మా ఊరి హోటళ్ల మాకు వేరే గ్లాసు ఉండేది, మేం తాగి మేమే కడిగి పక్కకు పెట్టాలె. ఇక్కడ ఒక్కటే గంటె ఉంది. నేను పట్టి పెట్టిన, నా వెనక ఎవరో పట్టిన్రు, వాళ్ళ వెనక ఇంకెవరో. ఎవరూ దాన్ని కడగలేదు. ఎవరూ జరగలేదు. పంక్తి లేదు గనక పంక్తికి చివర అన్నది లేదు. దీన్ని చిన్న సంగతి అనేటోళ్ళు ఎప్పుడూ గిన్నె పట్టుకొని గోడ అవతల నిలబడనోళ్ళు అయి ఉంటరు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువుల నీళ్ళు తాగింది దాహానికి కాదు. 1985 జూలైల కారంచేడు రక్తం గూడ మా వాళ్ళు తాగే నీళ్ళ దగ్గర మొదలైన గొడవతోనే పారింది. తినుడు, తాగుడు మా చరిత్రల ఎప్పుడూ చిన్న సంగతులు కావు.

కాని కులం తెల్వనంతసేపే ఆ గంటె అందరిది. మా తమ్ముడు "మెల్లగ" అన్నది అందుకే. చేతికి స్వేచ్ఛ వచ్చింది, నోటికి రాలేదు. కలిసి తింటే కులం పోదు, దాని వేరు ఇంకా లోతుల ఉందని అంబేద్కర్ 1936లోనే కులనిర్మూలన ప్రసంగంల చెప్పిండు. లాహోర్ల పిలిచినోళ్ళే ఆ ప్రసంగం వద్దని సభ రద్దు చేసుకున్నరు. మన తెలుగు గడ్డ మీద పన్నెండో శతాబ్దంల పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలను ఒక్క చాప మీద కూసోబెట్టి చాపకూడు పెట్టిండని చెప్పుకుంటం. మాల కన్నమదాసును కొడుకు లెక్క చూసుకున్నడంటరు. కారంపూడిల ఇప్పటికీ ఏటా ఆ పండుగ చేస్తరు. నాకు ఆ కథ మీద గౌరవమే. కాని బడిల ఆ పాఠం చెప్పినప్పుడల్ల ఒక ప్రశ్న అడ్డం పడుతది. ఆ చాప ఎవరిది? పిలిచింది ఎవరు? కన్నమదాసు పిలిస్తే బ్రహ్మనాయుడు కులపోళ్ళు మాలవాడకు వచ్చి కూసునెటోళ్ళా? చాపకూడుల చాప నాయునిది. బఫేల గంటె నాది, తలుపు మాత్రం పైసలది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంట. తమ్ముడు అన్నం ముట్టొద్దన్నడు గని నాకు చేతి కింద అడ్డం లేక మతి పోయింది. రెండు పళ్ళాలు తిన్నంక మూడోది నింపిన. కబాబులు, బిర్యానీ, చేప, అంచుల మీద జామూన్లు. ఆకలి ఎప్పుడో అయిపోయింది. పైసలు వసూలు కావాలె అన్న ఆలోచన కొంచెం ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది. రెండో గంటె దొరకదేమో అన్న హాస్టల్ భయం. జల్ది జల్ది తిన్న. సగం గూడ కాలేదు. మింగుడు పడలేదు.

పళ్ళాలు ఎత్తే ఆమె వచ్చింది. "అయిపోయిందా సార్?" అన్నది. నేను తలూపిన. అవ్వ ఆ పళ్ళెం దిక్కే చూస్తున్నది.

"గిది ఏం చేస్తరు బిడ్డా?"

"డ్రమ్ముల ఏస్తం పెద్దమ్మా."

"కట్టియ్యరా?"

"కట్టియ్యరమ్మా. ఇక్కడ తిన్నదే."

మాట తీరు విని అవ్వ ఊరు అడిగింది. వనపర్తి దిక్కు. ఇద్దరు పిల్లలు, అవ్వగారింటికాడ చదువుతున్నరు. "మీరు ఎప్పుడు తింటరు?" అని అవ్వ అడిగింది. "మూడున్నర దాటుతది. మాకు వేరే వండుతరు." "కూసొని తింటరా?" "యాడ జాగ దొరికితే ఆడ" అని నవ్వి పళ్ళెం ఎత్తుకొని పోయింది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే.

మా చిన్నప్పుడు పెండ్లి ఇండ్లల్ల మిగిలిన ఎంగిలి మాకు పెట్టిన్రు. ఆ రోజు ఎంగిలి చేసింది నేను. ఎత్తింది మా జిల్లా ఆడామె. ఈ దెబ్బ నాకు సరిగ్గ తగిలింది. నా ఒక్కని సంగతే కాదని తెలుసు. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో లెక్క చెప్పింది. అందుల 60 శాతం ఇండ్లల్లనే, హోటళ్ళు, క్యాంటీన్ల వంతు 28 శాతం. అంటే బఫే ఒక్కదాన్ని ఉరి తీస్తే పాపం పోదు. కాని లెక్కల చాటున దాక్కుందామంటే అవ్వ చూపు ఒదలలేదు. దొర కొలిచి పెడితే అది అవమానం. నేను కొలత లేకుండ పెట్టుకొని పారేస్తే దాన్ని ఏమనాలె? స్వేచ్ఛ అనాల్నా? నా చేతిల గంటె ఉన్నా నా కడుపు మాట నేను వినలేదు. పాత గంటె నా లోపల కూసొని ఇంకా కొలుస్తనే ఉంది.

ఇంకో దఫా పుల్లలు పట్టుకొని పిలగాడు వచ్చిండు. అవ్వ చెయ్యి చాపి జెండా పండబెట్టింది.

"అప్పుడేనా? ఇంకా రొయ్యలు రావాలె అవ్వా" అన్నడు తమ్ముడు.

"సాలు బిడ్డా. నా కడుపు నాకు ఎరుక." ఈసారి మెల్లగ అనలేదు. మూల టేబుల్ దాక వినబడేటట్టే అన్నది. తమ్ముడు తల వంచుకున్నడు గని ఏం అనలేదు.

అవ్వ తిన్నది ఒక పళ్ళెం. పెరుగన్నంతో ముగించింది. పైసల లెక్కన చూస్తే మా నలుగురు పెద్దోళ్ళల్ల ఓడిపోయింది ఆమెనే. కాని డెబ్బై ఏండ్లకు దగ్గరపడ్డ ఆ మనిషి ఒకరి బువ్వ కాడ తనంతట తాను "సాలు" అనడం నేను మొదటిసారి విన్న. ఆ బిల్లుల నాకు దక్కిన విలువ అది. మిగిలిందంత డ్రమ్ముల పోయింది.

కథ అక్కడితో అయితే నేను రాయకపోదును. సోమవారం బడికి పోయిన. 2019లో నాకు ఉద్యోగం వచ్చినకాడి నుంచి సర్కారు బళ్ళనే పని. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న బళ్ళల్ల వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరి నుంచి పెడుతున్నరు. చిన్న తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి పైన 150 గ్రాములు. పిల్లలు పళ్ళాలు పట్టుకొని నిలబడ్డరు. వంటామె గంటెతోని ఏస్తున్నది. ఎవరూ "ఇంకొంచెం" అంటలేరు, ఎవరూ "సాలు" అంటలేరు. ఏడుగురు పిల్లలు వేపచెట్టు కింద ఇంటి డబ్బాలు తెరిచిన్రు. వంటామె మా కులం, వాళ్ళ ఇండ్లల్ల ఇది తినొద్దన్నరు. ఆ సంగతి నాకు రెండేండ్ల నుంచి తెలుసు. కోపం గూడ ఉండె. కాని ఆ రోజు నా చేతిల ఏముందో చూసుకున్న. నా చేతిల గూడ ఇంటి డబ్బానే ఉంది.

ఉద్యోగం వచ్చినంక ఒక్కనాడు గూడ నేను ఆ అన్నం తినలేదు. హాస్టల్ బువ్వ తిని పెరిగినోడిని, పిల్లల బువ్వ తినడానికి నాకు నామోషి అయింది. వేపచెట్టు కింద పిల్లలకూ నాకూ తేడా ఏమన్న ఉంటే, వాళ్ళు చిన్నోళ్ళు.

మరునాటి నుంచి డబ్బా తెచ్చుడు మానేసిన. నా కూటి పైసలు నేను కట్టి, పిల్లల వెనక వరుసల చివరికి నిలబడుతున్న. వారానికి రెండు రోజులు కూర గంటె పిల్లల చేతికి ఇద్దామని వంటామెను అడిగిన. "సార్, తూకం సరిపోదు" అన్నది. ఆమె చెప్పినట్టే అయింది. మొదటి రోజు ముందున్న పిలగాండ్లు కుప్పలు పెట్టుకున్నరు, చివరి ఆరుగురికి ఉత్త పులుసు మిగిలింది. నేను హైటెక్ సిటీల చేసిన పనే వాళ్ళు చేసిన్రు. అయినా ఒక తేడా ఉంది. ఇక్కడ మొత్తం ఎంతనో కండ్ల ముందర కనబడుతది, వెనక నిలబడ్డోడు వాళ్ళ దోస్తు. క్లాసుల కూసొని వాళ్ళే మాట్లాడుకున్నరు. మొదలు కొంచెం పెట్టుకోవాలె, అందరికి అయినంక మళ్ళ రావాలె. నేను పెట్టిన నియమం కాదిది.

అంతా బాగైందని చెప్పను. వేపచెట్టు కింద ఏడుగురల్ల ఇద్దరు వచ్చిన్రు, ఐదుగురు రాలేదు. ఒక పిల్ల తండ్రి వచ్చి "ఎవరు ముట్టిన గంటె ఎవరు పడుతున్నరు సార్?" అని అడిగిండు. "అందరు ముట్టింది అందరు పడుతున్నరు" అన్న. హెడ్మాస్టర్ "మనకెందుకు సార్" అన్నడు. వంటామెకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. రాష్ట్రం దాన్ని 2023లో 3,000 చేసింది. మేం నలుగురం ఆ ఆదివారం తినడానికి, పారెయ్యడానికి కట్టిన బిల్లు అంతకంటె ఎక్కువ. ఈ లెక్క నాకు నిద్రల గూడ కుదరదు. కుదరకుంటనే మంచిదేమో.

తమ్మున్ని మళ్ళ బఫేకు పోవద్దని నేను అనను. వాడు పోవాలె, ఇష్టమైనది తినాలె, ఆ గంటె మీద వాని చెయ్యి ఉండాలె. ఏదో ఒక రోజు ఆ బల్ల దగ్గర కూసొని వాని కూర పేరు వాడు గట్టిగ చెప్పాలె. అప్పటిదాక ఆ యాభై రకాల నాణ్యత గురించి నా దగ్గర పూర్తి మాట లేదు.

అవ్వ ఊరినుంచి ఫోన్ చేసినప్పుడల్ల అడుగుతది, "ఈయాల మీ బడిల గంటె ఎవరు పట్టిన్రు?" చెప్త. నిన్న ఒక సంగతి చెప్పిన. ఐదో తరగతి పిలగాడు ఒకడు నా పక్కనే కూసొని నా లెక్కనే గబగబ మింగుతున్నడు, కండ్లు గిన్నె దిక్కే ఉన్నయి. వాని వీపు మీద చెయ్యేసిన.

"నెమ్మదిగ తిను బిడ్డా. ఇంకా ఉంది" అన్న.

వాడు గిన్నె దిక్కు ఒకసారి చూసుకొని, నమ్మి, నెమ్మదిగ తిన్నడు. వానితోని కలిసి నేను గూడ.